నూకాలు గంప

సముద్రం ఊరికి ఇంకా ఆమడ దూరంలో ఉన్న కాలం. ఆ కాలాన ఉప్పు మళ్లున్న ఒక కొఠారు. ఆ కొఠారులో ఉప్పు గంపలు మోసే నూకాలు.

మూడో బిడ్డను కన్న తొమ్మిదో రోజునే మేస్త్రి కబురంపాడు. నూకాలు వెళ్లి తడి ఉప్పు గంప నెత్తికెత్తుకుంది. గట్టు ఎక్కుతుంటే లోపలేదో జారి, గుడ్డులా కిందికి దిగింది. ఆనాటినుంచి దగ్గితే కోక తడిసేది. తడిసినచోట ఉప్పు అంటి భగ్గున మండేది.

అత్తకు చెప్పింది. "నోర్ముయ్యవే. ఆడదానికి ఉండేదే" అంది అత్త.

మొగుడికి చెప్పింది. "నోర్ముయ్యవే. ఎవరైనా వింటారు" అన్నాడు మొగుడు.

మేస్త్రికి చెప్పింది. "నోర్ముయ్యి. గంపెత్తు" అన్నాడు మేస్త్రి.

నోరు మూసుకుంది. ఏళ్లు గడిచాయి. తడికోక నూకాలన్నారు. పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు.

ఓ ఎండాకాలం, పొద్దుటినుంచి ఒంటేలు రాక విలవిల్లాడిపోయింది. పడుతూ లేస్తూ ఏరు దాటి, మంత్రసాని సన్నెమ్మ దగ్గరికి పోయింది. సన్నెమ్మ చేతులు కడుక్కుని చూసింది.

"ఇది పాపమూ కాదు, గాలీ ధూళీ కాదమ్మా. ఉచ్చతిత్తి జారింది. బాలింత ఒంట్లో దాన్ని పట్టి ఉంచే కండ వదులుగా ఉంటుంది. అప్పుడే నీచేత బరువెత్తించారు."

మైనం పట్టించిన గుడ్డచుట్ట పెట్టి తిత్తిని పైకి నిలిపింది. "ఒంటేలు బిగబట్టినట్టు ఆ కండ బిగించు, వదులు. మూడు పూటలా చెయ్యి. బరువు మాత్రం ఎత్తకు. మొదట్లోనే వచ్చుంటే ఇంతదాకా వచ్చేది కాదు."

"మొదట్లోనే చెప్పానమ్మా. ముగ్గురికి చెప్పాను."

గంప మోయకపోతే కూలి గింజలు లేవన్నాడు మేస్త్రి. మళ్లీ మోసింది. ఆ వారమే పైడి అనే పచ్చి బాలింత గట్టు మీదికొచ్చింది. నూకాలు ఆ పిల్ల గంప లాక్కుంది.

"కూర్చో. నాది ఎలాగూ జారింది. నీది జారకూడదు."

తన గంప మోసి వచ్చి, పైడి గంప మోసింది. పైడి తర్వాత ఇంకో బాలింత, ఆమె తర్వాత మరొకతె. అందరికీ కండ బిగించడం నేర్పింది. ఉప్పు కదిలితే చాలు, ఎవరు మోస్తేనేం అన్నాడు మేస్త్రి.

మూడో ఏడు మళ్లీ ఒంటేలు బిగిసింది. చలిజ్వరం పట్టుకుంది. మూడో రోజుకు నూకాలు పోయింది.

"ఒక్క మాటైనా చెప్పలేదే!" అని మొగుడు గుండెలు బాదుకున్నాడు. ఆడవాళ్లెవరూ అతన్ని ఓదార్చలేదు.

ఇప్పటికీ ఆ గట్ల మీద బాలింత మూడు నెలలు గంప ముట్టదు. తక్కిన ఆడవాళ్లు పంచుకుని మోస్తారు. దాన్ని నూకాలు గంప అంటారు. మగవాళ్లనడిగితే, నూకాలమ్మకు బాలింత ముట్టిన ఉప్పు పడదంటారు. మేస్త్రి మనవలు ఆమెకు గుడి కట్టించారు, ఏటా చీర పెడతారు.

ఆడవాళ్లు ఆ గుడికి పోరు. కొత్త కోడలెవరైనా తల వంచుకుని "లోపల ఏదో..." అని ఆగితే, గంపలు దించి చుట్టూ కూర్చుంటారు.

"చెప్పు" అంటారు.