నూలు లేని మగ్గం మీద పన్ను

ఒకానొక రాజ్యంలో, రాజుగారి కోటకి ఆమడ దూరాన, ఏటి పక్కన ఒక నేతగాళ్ళ వీధి ఉండేది. ఇళ్ళిళ్ళా మగ్గాలే. తెల్లవారింది మొదలు దీపాలవేళ దాకా టక్కు డక్కు, టక్కు డక్కు. ఆ చప్పుడు కాసేపు ఆగితే వీధిలో ఎవరికీ అన్నం సయించేది కాదు.

వీధికి దూరంగా, ఏటి మలుపు దగ్గర ఒక పెంకుటింట్లో మంగతాయి అనే ఆవిడ ఉండేది. మనసు వెన్న, నోరు మాత్రం కత్తి. మొగుడు పోయాక ఆవిడ పట్టిన పని పిల్లల్ని చూసుకోవడం. తండ్రి మగ్గం మీదికెక్కి, తల్లి రంగు తొట్టి దగ్గర కూర్చుంటే, పాకే పిల్లలు ఊరుకుంటారా? ఆ తొట్లలో పడరూ? అందుకని పొద్దున్నే పిల్లల్ని చంకనేసుకొచ్చి మంగతాయి దగ్గర దింపి పోయేవాళ్ళు. పూటకి ఒక కాసు. మొత్తం పదకొండు మంది పిల్లలు.

పెట్టింది తినేవాళ్ళు, ఆడుకునేవాళ్ళు, అంతా బాగానే ఉండేది. మధ్యాహ్నం అయ్యేసరికి మొదలయ్యేది అసలు చిక్కు. ఒక్కళ్ళూ పడుకునేవాళ్ళు కాదు. మంగతాయి పాడింది, జోకొట్టింది, దిష్టి తీసింది. ఊహూఁ. నెల్లాళ్ళు ఆ ఏడుపులు విని విని, ఓ రోజు గోడకి జారబడి కూర్చుంటే ఆవిడకి తట్టింది. తల్లి కడుపులో పడ్డప్పటినుంచీ మగ్గం చప్పుడు వింటూ పెరిగిన పిల్లలాయె! ఈ ఇంట్లో ఆ చప్పుడు లేకపోయేసరికి ఏదో పోగొట్టుకున్నట్టు బెంగపడిపోతున్నారు.

మర్నాడే ఎవరో మూలన పడేసిన చట్రం మగ్గం ఒకటి తెచ్చి వసారాలో పెట్టించింది. చూపు పోయి నేత మానేసిన ఆదెయ్యని పిలిచి, "మావా, రోజుకి రెండు కాసులిస్తాను, మధ్యాహ్నం పూట ఈ మగ్గం ఆడించు," అంది.

"నూలేదమ్మాయ్?" అన్నాడు ఆదెయ్య తడుముకుంటూ.

"నూలెందుకు? నాకు కావలసింది చప్పుడే."

ముసలాయన నవ్వుకుని కూర్చున్నాడు. కాళ్ళు తొక్కాయి, పోగు నడిపే నాడె ఉత్తదే ఈ చేతిలోంచి ఆ చేతిలోకి దూకింది. టక్కు డక్కు. ఒక్కో పిల్ల నోట్లో వేలు, ఒక్కో పిల్లాడి కంటి మీద రెప్ప. చూరు కిందనుంచి ఎండ చారలు చారలుగా చాప మీద పడేది, ఏటి గాలి ఉయ్యాల గుడ్డల్ని మెల్లగా కదిపేది. ఆ గంటసేపూ లోకంలో ఎవరికీ ఏ పనీ లేదేమో అనిపించేది మంగతాయికి.

ఇక రాజుగారి సంగతి. ఆయన పేరు భీమకేతు మహారాజు. ఆయన బిరుదులు చదవడం మొదలుపెడితే ఈలోగా అన్నం వండి వార్చుకోవచ్చు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, చెడ్డవాడు కాడు. తనకి రాని విద్య లేదనుకోవడమే ఆయనకున్న జబ్బు.

ఆ రాజ్యంలో పన్ను చట్టం సబబుగానే ఉండేది. ఏడాదికోసారి ఎవరి రాబడి వాళ్ళు చెప్పాలి. పని కోసం పెట్టిన ఖర్చు అందులోంచి తీసేసి, మిగిలినదాంట్లో ఆరోవంతు బొక్కసానికి కట్టాలి. కుమ్మరికి మన్ను ఖర్చు, కమ్మరికి బొగ్గు ఖర్చు. మంగతాయికి చదువు రాదు గనక నూలుతాళ్ళకి ముళ్ళు వేసి లెక్క పెట్టుకునేది. తెల్లతాడు పాలకి, పచ్చతాడు ఉగ్గుబియ్యానికి, ఎర్రతాడు చిరిగిన చాపలకి, నీలితాడు ఆదెయ్య కూలికి. తను తిన్న ముద్దకి ముడి లేదు, రాత్రి తన కోసం వెలిగించుకున్న దీపానికీ లేదు. అంత నిక్కచ్చి మనిషి.

ఆ ఏడు లెక్కలు చూడటానికి పన్నుల మంత్రి పేరయామాత్యులు స్వయంగా వచ్చాడు. బొజ్జ ముందు, ఆయన వెనక. తెల్లతాడుకి తల ఊపాడు. పచ్చతాడుకి ఊపాడు. ఎర్రతాడుకి మూతి విరిచి, సరేనన్నాడు.

"ఈ నీలిదేమిటి?"

"మగ్గం ఆడించినందుకు కూలి, అయ్యగారూ."

"ఏం నేసింది?"

"ఏమీ నేయలేదండి. పిల్లల్ని పడుకోబెట్టింది."

మంత్రి పకపకా నవ్వాడు. ఆ నవ్వు ఆగాక ముఖం గంటుపెట్టుకున్నాడు. "నా చెవిలో పువ్వు కనిపిస్తోందా? ఈ జుట్టు ఎండకి నెరిసిందనుకున్నావా? బట్ట నేయకుండా మగ్గానికి కూలి ఎవడిస్తాడు? నేసి దాచావు. ఏడాదికి మూడొందల మూరలు. దాని మీద పన్ను, దొంగమగ్గానికి జరిమానా, వెరసి నలభై వరహాలు. పౌర్ణమి లోపు కట్టకపోతే ఇల్లు జప్తు." అంటూ కత్తెర తీసి నీలితాడు పుటుక్కున కోసేశాడు.

మంగతాయి తెగిన తాడు ముక్కలు ఏరుకుంది. నలభై వరహాలు ఆవిడ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఇల్లు పోతే తన సంగతి తర్వాత, ఈ పదకొండు మంది ఎక్కడ పడుకుంటారు? వీళ్ళ తల్లులు పని మానుకుంటే ఆ పొయ్యిలు ఎలా వెలుగుతాయి?

"రాజుగారితోనే చెప్పుకుంటాను," అంది.

"చెప్పుకో తల్లీ! ఆ దొంగమగ్గాన్ని, ఆ ముసలాణ్ణి కూడా సాక్ష్యానికి పట్టుకురా," అన్నాడు మంత్రి.

సరిగ్గా అలాగే పట్టుకెళ్ళింది. ఒక బండిలో మగ్గం, ఆదెయ్య. ఇంకో బండిలో ఉయ్యాల గుడ్డలు, తలగడలు, పాలచెంబు, పదకొండు మంది పిల్లలు. సభలోకి అడుగు పెట్టగానే ఒకడు స్తంభం ఎక్కబోయాడు, ఒకతి పురోహితుడి పిలక పట్టుకుంది.

"ఇది సభా, సంతా? వీళ్ళనెందుకు తెచ్చావు?" అన్నాడు రాజు.

"పని మానుకుని వస్తే ఈ పూట కూలి పోతుంది ప్రభూ. పోయిన కూలిని ఖర్చు కింద రాయనివ్వరు గదా మంత్రిగారు," అంది మంగతాయి.

రాజు మీసం చాటున నవ్వుకుని కథంతా విన్నాడు. విని తల అడ్డంగా ఊపాడు. "మాకూ నమ్మబుద్ధి కావడం లేదు. పసిపిల్లలు పడుకునేది సంగీతానికి. టకటకలకి ఎవరైనా నిద్రపోతారా?"

సింహాసనం పక్కన వీణ ఉంది. మంగతాయి ఆ వీణని చూసింది, రాజుగారి ముఖం చూసింది. దారి దొరికింది.

"ప్రభువులు పాడితే మదమెక్కిన ఏనుగులు కూడా కునికిపాట్లు పడతాయని మా వీధిలో చెప్పుకుంటారు. ఈ పిల్లల్ని ఒక్కసారి నిద్రపుచ్చండి. ఒక్కళ్ళు పడుకున్నా మగ్గం ఖర్చు వదిలేసుకుంటాను. ఇదిగో ఇంటి తాళంచెవి," అని మెట్టు మీద పెట్టింది.

"పడుకోకపోతే?"

"మంత్రిగారు కోసిన నీలితాడు మంత్రిగారే ముడెయ్యాలి. మగ్గం చేసే పనేమిటో ప్రభువులు ఇక్కడే చూడాలి."

రాజు ఉప్పొంగిపోయాడు. వీణ ఒళ్ళోకి తీసుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు, ఎత్తుకున్నాడు. పెద్దపిల్లలు ముందు నోరు తెరుచుకుని చూశారు. తర్వాత ఒకడు ఏడుపు లంకించుకున్నాడు. వాణ్ణి చూసి రెండోవాడు, వాళ్ళని చూసి మిగతావాళ్ళు. "నోర్మూయండి!" అని మంత్రి గద్దిస్తే ఇంకాస్త పెంచారు.

కానీ అందరికన్నా చిన్నది, ఆర్నెల్ల నరసి, మంగతాయి భుజం మీద బరువెక్కింది. రెప్పలు వాలుతున్నాయి. అయ్యో, అయిపోయింది, ఇల్లు పోయింది అనుకుంది మంగతాయి. పిల్లని గిల్లితే లేచి ఏడుస్తుంది, ఆ సంగతి తెలుసు. చెయ్యి రాలేదు. ఇందరు పిల్లల్ని పెంచిన చెయ్యి అది.

రాజుగారు నరసిని చూశాడు. తన పాట పారిందని ఆనందం పట్టలేకపోయాడు. ఇంక చూస్కోండి, కళ్ళు మూసుకుని, మెడ నరాలు ఉబ్బేలా, తారస్థాయిలో ఒక రాగం తీశాడు. పావురాలు టపటపా ఎగిరిపోయాయి. నరసి ఉలిక్కిపడి లేచి కోట కప్పు ఎగిరిపోయేట్టు ఏడ్చింది.

రాజు వీణ పక్కన పెట్టేశాడు. చెమట తుడుచుకుని, "సరే, నీ మగ్గం ఆడించు," అన్నాడు కాస్త చిన్నబోయి.

"మావా, కానీ," అంది మంగతాయి.

టక్కు డక్కు. ఆదెయ్య కాళ్ళు తొక్కుతున్నాయి, నాడె దూకుతోంది. నూలు లేదు, బట్ట లేదు. ఏడుపులు ఎక్కిళ్ళయ్యాయి, ఎక్కిళ్ళు నిట్టూర్పులయ్యాయి. నరసి నోట్లో వేలు పెట్టుకుంది. స్తంభం ఎక్కబోయినవాడు దాని మొదట్లోనే ముడుచుకున్నాడు. పురోహితుడి పిలక పట్టుకున్న పిల్ల పట్టు వదలకుండానే పడుకుంది. ఆయన కదల్లేక కూర్చుని, ఆయనా పడుకున్నాడు.

కిటికీల్లోంచి ఎండ పసుపురంగులో దిగుతోంది. భటుల చేతుల్లో బల్లేలు ఒరిగాయి. మంత్రిగారి బొజ్జ లేస్తోంది, దిగుతోంది. రాజుగారికి సింహాసనం కాళ్ళు ఏటిలో ఉన్నట్టనిపించింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఆ ఒడ్డున ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నారు, బిరుదులేమీ లేకుండా, ఒట్టి పేరుతో. ఎన్నేళ్ళయిందో ఆ పిలుపు విని! ఆయన హాయిగా అటువైపు తేలిపోయాడు.

మంగతాయి మాత్రం పడుకోలేదు. పనిలో ఉన్న మనిషి ఎలా పడుకుంటుంది? జారిపోతున్న కిరీటం తీసి పక్కన పెట్టింది. మంత్రిగారి తల కింద తలగడ దోపింది. రాజుగారు నిద్రలో ఉలిక్కిపడితే నాలుగుసార్లు జోకొట్టింది. పొద్దు వాలాక, "చాలు మావా," అంది. మగ్గం ఆగింది. పిల్లలూ రాజూ ఒకేసారి కళ్ళు తెరిచారు.

రాజు కిరీటం వెతుక్కుని తలమీద పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా, "మంత్రీ, మగ్గం ఆడింది గదా. దాచిన బట్ట ఏదయ్యా?" అన్నాడు.

మంత్రి మూతి తుడుచుకున్నాడు.

"ఇంతసేపూ మీరంతా కప్పుకున్నది అదే ప్రభూ," అంది మంగతాయి. "మంత్రిగారు మూరకర్ర తెచ్చి కొలవనివ్వండి. ఎన్ని మూరలో చెబితే అక్షరాలా పన్ను కడతాను."

రాజు ఫక్కున నవ్వాడు. మంత్రి మంగతాయి చేతిలోంచి తెగిన నీలితాడు రెండు కొసలూ తీసి ముడివేశాడు.

"మరి నా కూలి?" అంది మంగతాయి. "పూటకి ఒక కాసు. ప్రభువులొకరు, మంత్రిగారొకరు, రెండు కాసులు రావాలి."

"సభంతా పడుకుంది గదా, మా ఇద్దరికేనా?"

"వాళ్ళంతట వాళ్ళే పడుకున్నారు. మీకు జోకొట్టాల్సొచ్చింది. మంత్రిగారికి తలగడ పెట్టాల్సొచ్చింది. చొంగతో తడిసింది, ఉతకాలి. కుంకుడుకాయల ఖర్చు నేను తాడుకి వేసుకుంటాను, అడ్డు చెప్పకండి."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆదెయ్యకి బతికినంతకాలం బియ్యం ఇప్పించాడు. ఇకమీదట పిల్లల్ని చూసుకునేవాళ్ళకి ఏది అవసరమో ఆ పని చేసేవాళ్ళనే అడిగి రాసుకోవాలని ఆజ్ఞ వేశాడు. తాళంచెవి తన చేత్తో తీసిచ్చి, దానితోపాటు నలభై వరహాలు మంగతాయి కొంగులో పోశాడు.

ఆవిడ మూట కట్టుకోలేదు. "ఇది బహుమానమా ప్రభూ, రాబడా? రాబడైతే ఆరోవంతు ఇక్కడే లెక్కపెట్టి ఇచ్చేస్తాను. తర్వాత మళ్ళీ మా ఇంటికి రాకూడదు ఎవరూ."

పేరయామాత్యులు గబగబా లెక్కల కవిలెకట్ట విప్పి, గంటం చేతబట్టి, నోరు తెరిచాడు.

రాజు నవ్వు ఆపుకోలేక, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "మంత్రీ, నువ్వు పడుకో," అన్నాడు.