రఘునందన్ నంబరు

మా గురువుగారు విశ్వంభరం గారిని ఏదైనా అడిగితే శ్లోకం చెప్పరు. కండువా మడిచి ఒళ్ళో పెట్టుకుని, తమ అపార్టుమెంటులోనో ఆ వీధిలోనో జరిగిన సంగతేదో మొదలుపెడతారు. ఆ ఆదివారం మా చక్రపాణి అడిగిన ప్రశ్నకు నాకైతే ఒళ్ళు మండింది. పరాయివాళ్ళ కష్టం వింటే తనకేమీ అనిపించదట. అయ్యో పాపం అని నటించలేక విసుగొస్తోందట. "మనది కాని బాధ మనకెందుకండీ?" అన్నాడు. గురువుగారికి మాత్రం కోపం రాలేదు. కండువా మడిచారు.

ఆయన చెప్పింది ఇది. హైదరాబాదులో ఏటా మారథాన్ జరుగుతుంది కదా, ఎవరూ తరమకపోయినా వేలమంది తెల్లారేసరికి రోడ్డెక్కి పరుగెడతారు. గురువుగారి కింది అంతస్తులో ఉండే రఘునందన్ కూడా పేరిచ్చాడు. తీరా వారం ముందు మెట్లమీద కాలు బెణికింది. పరుగులో ఛాతీకి తగిలించుకునే నంబరు వృథా అయిపోతుందని, ఆఫీసులో స్నేహితుడు సాల్మన్‌కి ఇచ్చేశాడు. అలా ఇవ్వకూడదని అందరికీ తెలుసు, అయినా ఇస్తూనే ఉంటారు. ఆ నంబరు వెనక రఘునందన్ పేరూ, అతని భార్య ఇందుమతి ఫోను నంబరూ రాసి ఉన్నాయి. నంబరు ఇచ్చేసిన సంగతి ఆవిడకు చెప్పాలని అతనికి తోచలేదు.

పరుగు రోజు పొద్దున ఇందుమతి దోసెలు పోస్తుండగా ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. "మీవారు రఘునందన్ గారు పరుగులో పడిపోయారమ్మా. పరిస్థితి బాగాలేదు, వెంటనే రండి" అన్నారు. ఆవిడ పడగ్గదిలోకి పరుగెత్తి చూస్తే, మొగుడు కాలికి కట్టుతో గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. మావారు ఇంట్లోనే ఉన్నారని చెప్పి పెట్టేసింది. మళ్ళీ మోగితే, ఈమధ్య ఇలాంటి మోసాలు ఎక్కువయ్యాయి కదా అనుకుని ఫోను నోరు నొక్కేసింది. దేవుడికి దండం పెట్టుకుని పొయ్యి దగ్గరికి వచ్చింది.

మొగుడు లేచి పళ్ళెం ముందు కూర్చున్నాక, నవ్వుతూ ఆ మాట చెప్పింది. అతని దోసె ముక్క చేతిలోనే ఉండిపోయింది. వెంటనే సాల్మన్ ఫోనుకు చేశాడు. ఎత్తింది సాల్మన్ భార్య రోజా. మొగుడి ఫోను తనే పట్టుకుని, పరుగు ముగిసే చోట అతని కోసం ఎదురుచూస్తోంది. అతను తగిలించుకున్న నంబరు ఎవరిదో ఆవిడకూ తెలియదు. రఘునందన్ నోరు తెరిచేలోపలే ఆవిడ అందుకుంది.

"అన్నయ్యా, మీరేనా? ఇక్కడ మైకులో రఘునందన్ తాలూకు వాళ్ళు రావాలని ఇందాకటి నుంచి పిలుస్తున్నారు. వదినకి ఎన్నిసార్లు చేసినా ఎత్తడం లేదు. మీకేం కాలేదు కదా?"

రోజా ఆసుపత్రికి చేరేసరికి సాల్మన్ ప్రాణం పోయింది. డాక్టర్లు చేయవలసిందంతా చేశారు, అక్కడ లోపమేమీ లేదు. మధ్యలో ఒక్కసారి కళ్ళు తెరిచాడట. నర్సు అతని చెయ్యి పట్టుకుని, రఘునందన్ గారూ, భయపడకండి, మీవాళ్ళు వస్తున్నారు అని ధైర్యం చెప్పిందట. అతనికి నోరు పెగల్లేదు.

గురువుగారు అక్కడితో ఆపారు. ఆ నర్సు పిలిచిన పేరు చెవుల్లోంచి పోవడం లేదు నాకు. ఇందులో ఇందుమతి గారి తప్పేముందని చక్రపాణి అడిగాడు. ఫోను పొరపాటున వేరే ఇంటికి వస్తే ఆవిడ మాత్రం ఏం చేస్తుందన్నాడు.

గురువుగారు కండువా విప్పి భుజాన వేసుకున్నారు.

"పొరపాటున రాలేదు నాయనా, సరైన ఇంటికే వచ్చింది" అన్నారు.