జిట్టలకొండ తల్లి గుడికి కప్పు ఎందుకు లేదు

జిట్టలకొండ ఎక్కిన భక్తులు ముందుగా అడిగే మాట ఒక్కటే: "ఇంత మహిమగల తల్లికి నాలుగు రేకులైనా వేయించలేరా?" అడగండి, తప్పులేదు. అయితే జవాబు వినేముందు ఒక్కసారి తలెత్తి మద్దిచెట్ల కొమ్మలు చూడండి. పిడికెడైనా లేని కుంకుమపూజారి పిట్టలు గుంపుగా తిరుగుతుంటాయి. మగదాని రొమ్మున కుంకుమ, ఆడదాని పొట్టన పసుపు. ఆహా, వాటిని ఆ తల్లి ఎంత ముచ్చటపడి అలంకరించుకున్నదో! ఆకు అడుగున దాగిన పురుగును సైతం అవి వదలవు.

పూర్వం ఇక్కడ బోడన్న అనే పూజారి ఉండేవాడు. ఆయన ఒక్కగానొక్క కూతురు సింగారికి అమ్మవారు పోసింది. "బిడ్డను బతికించు తల్లీ, నీ గుడికి కప్పు వేయిస్తాను" అని మొక్కుకున్నాడు. బిడ్డ కోలుకుంది. మొక్కు తీర్చే ఆత్రంలో బోడన్న గుడి చుట్టూ ఉన్న మద్దిచెట్లనే దూలాలకు కొట్టించాడు. తలుపులకని ఒక్క చెట్టు మిగిల్చాడు. గుడికి కప్పు పడింది, గూళ్లు పోయిన పిట్టలు ఎగిరిపోయాయి. ఎవరూ పట్టించుకోలేదు.

కార్తీకంలో కంది పూతకు వచ్చేసరికి పచ్చపురుగు కమ్ముకుంది. కొండకింద చేనున్న నీలమ్మ, ముగ్గురు బిడ్డల తల్లి, పురుగు తిన్న కొమ్మ తెచ్చి బోడన్న ముందు పడేసింది.

"అమ్మకు గొడుగు పట్టి మా నోట్లో మన్ను కొట్టావు కదయ్యా! ఈ ఏడు నా పిల్లలకు ఏం పెట్టను?" అని ఏడ్చింది.

ఆ మధ్యాహ్నం కునుకులో బోడన్నకు తల్లి కనిపించింది. "కప్పు నేనడిగానట్రా? నా పూజారులను వెళ్లగొట్టి నువ్వొక్కడివే మిగిలావు. తీసెయ్" అన్నది.

బోడన్న లేచి కూర్చున్నాడు. మొక్కు వెనక్కి తీస్తే బిడ్డకేమవుతుందో! సింగారిని ఒళ్లో కూర్చోబెట్టుకొని చాలాసేపు ఏడ్చాడు. చివరకు, "పక్కవాళ్ల బిడ్డలు పస్తులుంటే నా బిడ్డకు మాత్రం ముద్ద దిగుతుందా" అని నిచ్చెన వేశాడు. తన చేతులతోనే కప్పు విప్పాడు. మిగిలిన మద్దిచెట్టుకు బొట్టు పెట్టి, గొడ్డలిని మడుగులో పారేశాడు.

మూడోనాడు ఆ ఒక్క చెట్టు మీదికే కుంకుమపూజారులు తిరిగివచ్చాయి. అక్కడినుంచి చేలల్లోకి దిగాయి. పంట సగం దక్కింది. సింగారి ఒంటిమీద చిన్న పొక్కు కూడా లేవలేదు. తండ్రి తర్వాత ఆమే అమ్మకు పూజారిణి అయింది.

నేటికీ కంది పూసే నెలలో పిట్టలు వాలిన తర్వాతే అమ్మకు బొట్టు పెడతాం. కప్పు వేయిస్తామని మొక్కుకున్నవారి చేత మద్దిమొక్క నాటిస్తాం. సింగారి సంతతివాళ్లమైన మేము వానలో తడుస్తూనే పూజ చేస్తాం. జలుబులు చేస్తాయి, అబద్ధమెందుకు? కానీ ఈ కొండకింద ఏ తల్లీ బిడ్డలను పస్తు పడుకోబెట్టిందన్న మాట మేమింతవరకు వినలేదు.