సంతబయల్లో తోకలాట

సంత జరిగేది ఆదివారం ఒక్కరోజే. మిగతా వారమంతా ఆ బయలూ, ఆ రేకుల షెడ్డూ, మనుషులు పారేసిపోయిన కాబేజీ ఆకులూ జంతువులవే. గాడిద సింహాద్రి మకాం అక్కడే. నీ పేరులో సింహం ఉంది కదా అని ఎవరైనా కదిపితే, "ఉంది. అద్రి కూడా ఉంది. ఆ కొండే మూటలై నా వీపు మీద కూర్చుంది" అని తానే ముందు నవ్వేసేవాడు. ఎలాగూ నవ్వుతారు, మొదటి నవ్వు మనదైతే నొప్పి తక్కువని అతని లెక్క.

బట్టలుతికే యజమాని మోపెడ్ కొన్న దగ్గర్నుంచి సింహాద్రికి పని తప్పింది. ఒకనాడు కాలేజీ ప్రహరీ పక్కన గడ్డి కొరుకుతూ లోపల ఒక వింత చూశాడు. మేత మానేసి, షెడ్డు దూలం మీద కాపురముండే కోడి నూకాలు దగ్గరికి వచ్చాడు.

"అత్తా, పెద్దమనుషులు పరిగెడుతున్నారు. లెక్చరర్లు. పొట్టలున్నోళ్ళు. ఎనకాల కర్ర పట్టుకుని ఎవరూ లేరు."

"కుక్క ఉండుంటాది. నువ్వు సరిగా సూడలేదు."

"లేదత్తా. అది ఆట. నడుముకి జెండాల్లాగ గుడ్డ పీలికలు కట్టుకున్నారు. ఒకడు కోలగా ఉన్న బంతి చంకలో పెట్టుకుని గీత దాకా పరిగెడతాడు. మిగతావోళ్ళు ఆడి పీలిక పీకుతారు. పీకితే ఆగిపోతాడు. కొట్టుకోరు, తోసుకోరు."

"పీకితే ఎందుకాగుతాడు?"

"ఆగాలని ఒప్పుకున్నారు కాబట్టి."

నూకాలు ఒక కన్ను మూసి ఆలోచించింది. "మనుషులకి పని తక్కువైపోనాది" అంది.

"నాను పుట్టిన కాడి నుంచి ఎవరో తరిమితేనే పరిగెత్తాను. ఊరికే పరిగెత్తితే ఎలాగుంటాదో సచ్చేలోగా సూడాలత్తా."

అలా పడింది పెద్దల లీగుకి పునాది. లీగంటే ఏమిటో సింహాద్రికి తెలీదు. ప్రహరీ అవతల ఆ మాట విన్నాడు, నోటికి బాగుంది, వాడేశాడు. దూడలు మేమూ వస్తామంటే వద్దన్నాడు. "మీరు ఎలాగూ గెంతుతారు. ఇది మోకాళ్ళ నొప్పులున్నోళ్ళకి." బంతికి ఎండిన సొరకాయ బుర్ర దొరికింది. లోపల గింజలు గలగలమనేవి, మెడ పంటికి చక్కగా అందేది. బయలుకి రెండు చివర్లా గిట్టతో గీతలు గీశాడు. పీలికలకి యజమాని తీగ మీద ఆరేసిన పంచె లాక్కొచ్చాడు. కెప్టెన్ కాబట్టి నాసిరకం తేకూడదని, గంజి బాగా పట్టిన పంచె ఏరి మరీ తెచ్చాడు.

సింహాద్రి, నూకాలు, మేక బుచ్చియ్య ఒక జట్టు. రెండో జట్టు కావాలి. గుట్ట మీది నుంచి నక్క పరదేశి తన తమ్ముళ్ళతో దిగాడు. హైవే దాబాల వెనక తిరిగి తిరిగి అతనికి భాష అబ్బింది.

"క్రీడాస్ఫూర్తి ముఖ్యం బావా" అన్నాడు. "కాకపోతే గెలిచినవాళ్ళకి ఏదో ఒక గౌరవం ఉండాలి. పెద్దగా ఏం వద్దు. గెలిచినవాళ్ళకి ఈ దూలం. ఓడినవాళ్ళు కింద నేల మీద పడుకుంటారు."

"నువ్వు దూలం ఎక్కగలవేటి పరదేశీ?" అని అడిగింది నూకాలు.

"ఎక్కలేను పిన్నీ. గౌరవంగా ఖాళీగా ఉంచుకుంటాం."

సరిగ్గా అప్పుడే ఒక ఈగ వచ్చి సింహాద్రి ముక్కు మీద వాలింది. సింహాద్రి తల పైకీ కిందికీ గట్టిగా ఊపాడు.

"చూశారుగా. కెప్టెన్ ఒప్పుకున్నాడు" అన్నాడు పరదేశి. "ఇక మాట తప్పితే, ఎందుకు తప్పారని అడగడానికి గుట్ట మీది మా చుట్టాలంతా రావాల్సి వస్తుంది."

నూకాలు సింహాద్రి వైపు చూసింది.

"ఈగ అత్తా" అన్నాడతను నీరసంగా.

"మేం పిల్లాపాపలతో నేల మీద పడుకుంటే ఏటవుతాదో ఆ ఈగకి తెలుసేటి, అల్లుడా?"

సింహాద్రికి తెలిసింది. తెలిసేసరికి చెవులు రెండూ వాటంతటవే కిందికి వాలిపోయాయి. ఊరికే పరిగెత్తాలన్న సరదా ఒక్కటీ పోయి, కోళ్ళ కుటుంబం మొత్తం వీపు మీదికెక్కినట్టయింది. మూటలే నయమనుకున్నాడు.

ఆట రోజు పొద్దున్నే పీలికల కోసం చూస్తే లేవు. మేక బుచ్చియ్య షెడ్డు మూల పొట్ట ఉబ్బి పడుకుని ఉన్నాడు. అతని నోటి చివర పంచె అంచు వేలాడుతోంది.

"బుచ్చియ్యా, జెండాలు తినేశావేటి?"

"గంజెట్టావు మావా" అన్నాడు బుచ్చియ్య మూలుగుతూ. "గంజెట్టి, నా ఎదురుగా పెట్టి, ఇప్పుడు నన్నంటావేటి. నాను ఆడలేను. కూసోనూ లేను."

పరదేశి జాలిగా నాలుక చప్పరించాడు. "గుడ్డలు పోతే పోనీ బావా. దేవుడు ఎవరి జెండా వాళ్ళకి వెనకాలే కట్టాడు. తోక దొరికినవాడు ఆగిపోవాలి. సరేనా?"

అందరూ సింహాద్రి తోక వైపు చూశారు. అది గంట తాడులా, రండి లాగండి అన్నట్టు వేలాడుతోంది. పరదేశి మాత్రం తన కుచ్చుతోకని కాళ్ళ మధ్యకి మడిచి, పొట్ట కింద దాచి, అటూ ఇటూ నడిచి చూసుకుంటున్నాడు. వెనక నుంచి చూస్తే తోక ఉన్న జాడే లేదు.

నూకాలు అది చూసింది. ఒక కన్ను మూసింది.

"తోకలే కానీ" అంది. "నాదొక చిన్న మాట. గీత దాటినోడు తిరిగొచ్చి కాయని రిఫరీ కాళ్ళ కాడ పెడితేనే గెలిచినట్టు. నువ్వు కాయట్టుకుని గుట్టెక్కేస్తే రేపు మాకు ఆటెలాగ?"

"దానిదేముంది పిన్నీ."

"రిఫరీ మన దాలయ్య."

దాలయ్య బయలు పక్కనున్న మాంసం కొట్టు కుక్క. పరదేశి గుట్ట వైపు ఒకసారి చూసుకున్నాడు. కాదంటే భయపడ్డాడంటారు. పైగా దాలయ్య తిని తిని పీపాలా ఉన్నాడు.

"మీ కాయా నాకొద్దు, మీ దూలమూ నాకొద్దు" అన్నాడు దాలయ్య, బద్ధకంగా ఒక గీత పక్కన చతికిలబడుతూ. "ఎవర్నీ ముట్టుకోను, ఎవర్నీ కరవను. కూసుని సూస్తాను."

మొదట సింహాద్రి వంతు. సొరకాయ మెడ పళ్ళతో పట్టుకుని బయల్దేరాడు. కొంచెం దూరం పోయాక వెనక కర్ర చప్పుడు లేదు, తిట్లు లేవు. అనుమానం వచ్చి ఆగి వెనక్కి చూశాడు. ఆ చూపులో ఉండగానే ఒక నక్క తమ్ముడు వచ్చి తోక పట్టుకున్నాడు.

"ఎందుకాగావు?" అని దూలం మీద నుంచి కోళ్ళన్నీ ఒక్కసారే అడిగాయి.

"ఎవరూ తరమట్లేదేటని సూశాను."

తర్వాత పరదేశి వంతు. కాయ నోట కరిచాడు, తోక ముడిచాడు, దూసుకుపోయాడు. నూకాలు వెనక నుంచి ఎగిరి పట్టబోయింది. పట్టడానికి ఏమీ లేదు. సింహాద్రి అడ్డం తిరిగేలోపు అతని పొట్ట కింద నుంచి దూరిపోయాడు. గీత దాటాడు. సింహాద్రి కళ్ళు మూసుకున్నాడు. కళ్ళ ముందు నేల మీద పడుకున్న కోడిపిల్లలు కనపడితే మళ్ళీ తెరిచాడు.

తెరిచేసరికి దాలయ్య లేచి నిలబడి ఉన్నాడు.

పాపం దాలయ్యకి ఏ దురుద్దేశమూ లేదు. కానీ ముక్కు ముందు నుంచి ఒక నక్క, తోక ముడిచి, పరిగెత్తుతూ పోతే ఏ కుక్క కాళ్ళు కుదురుగా ఉంటాయి? మనసు రిఫరీగానే ఉంది. కాళ్ళు మాత్రం బయల్దేరాయి. మాంసం కొట్టు దగ్గరున్న మిగతా కుక్కలు కూడా, ఏంటి ఎందుకు అని అడక్కుండా వెంటపడ్డాయి.

పరదేశి కాయ వదిలేశాడు, మాట్లాడటానికి. "దాలయ్యా, నేను పారిపోవట్లేదు. గెలుస్తున్నాను."

"అలాగే కనపడట్లేదురా" అన్నాడు దాలయ్య రొప్పుతూ.

తోక పైకెత్తితే ఆట అని తెలుస్తుంది. ఎత్తితే దాలయ్య పళ్ళకి అందుతుంది. ముడిచే ఉంచితే ఇంకా తరుముతారు. పరదేశి ఆలోచిస్తూ ఆలోచిస్తూ గుట్ట ఎక్కి, దిగి, హైవే దాటాడు. తమ్ముళ్ళు అన్న బాటే పట్టారు, తోకలతో సహా.

కాసేపటికి దాలయ్య తిరిగొచ్చి గీత పక్కన కూలబడ్డాడు. "ముట్టుకోలేదు, కరవలేదు. తరమనని నానెప్పుడూ అన్లేదు" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

"కాయ తెచ్చి నీ కాళ్ళ కాడ పెట్టాడేటి?" అంది నూకాలు.

"లేదు."

"అయితే ఆట నడుస్తన్నాది. అల్లుడా, కాయందుకో."

సింహాద్రి గీత అవతల పడున్న కాయని కరిచి పట్టుకున్నాడు. ఎదురుగా బయలంతా ఖాళీ. వెనకాలా ఖాళీ. కాళ్ళు కదల్లేదు.

"తరిమేవోళ్ళు లేరత్తా" అన్నాడు కాయ సందున.

"లేరు. నువ్వడిగింది అదే కదా."

సింహాద్రి ఒక అడుగు వేశాడు. ఇంకోటి వేశాడు. గింజలు గలగలమన్నాయి. ఆ చప్పుడుకి నాలుగు కాళ్ళూ కలిశాయి. తోకని జెండాలా పైకెత్తి బయలు ఆ చివరిదాకా పరిగెత్తి, అక్కడి గీత దాటి, తిరిగొచ్చి కాయని దాలయ్య కాళ్ళ దగ్గర పెట్టాడు. కోళ్ళు దూలం మీద సర్దుకుని కూర్చున్నాయి.

సింహాద్రి మళ్ళీ కాయ అందుకుని బయల్దేరబోయాడు.

"ఎక్కడికి? గెలిచీసినావు కదా" అన్నాడు దాలయ్య.

"ఇందాకటిది నూకాలత్త కోసం. ఇది ఊరికే."

అవతలి గుట్టల్లో పరదేశి ఇప్పటికీ, గీత ముందు దాటింది తనేనని కనపడినవాళ్ళందరికీ చెబుతుంటాడట. వచ్చి ఆ మాట సంతబయల్లో చెప్పమంటే మాత్రం పనుందంటాడు.

నీతి: తోక దాచుకుని గెలవాలనుకునేవాడికి గీత దాటాక కూడా ఆగే చోటు దొరకదు.