తాడు ఎక్కడ కట్టాలి?

పూర్వం ఒక రాజుగారి రథం వాగు బురదలో దిగబడింది. లాగడానికి ఎడ్లను తోలుకొచ్చిన నూకాలు, "తాడు ఇరుసుకు కట్టాలి దొరా" అంది.

"రాజరథానికి కింద కడతావా? అప్రదిష్ట! ముందున్న ఆ వెండి హంసకు కట్టు" అని కసిరాడు రథాధికారి భూపతిరాజు.

ఎడ్లు లాగగానే హంస ఊడి, నూకాలు చెవి పక్కనుంచి రివ్వున పోయింది. గొడుగు కర్రకు కట్టమన్నాడు. అదీ విరిగింది. "చెబితే వినరేం దొరా!" అని ఆమె నెత్తి కొట్టుకుంది.

"అయితే జెండా కర్రకు కట్టు!" అంటూ ముందుకు దూకిన రథాధికారి నడుం దాకా బురదలో కూరుకుపోయాడు. "నన్ను లాగవే!" అని అరిచాడు.

నూకాలు తాడును అతని జుట్టుముడికి బిగించింది.

"ఓసి నీ దుంపతెగ! ఊడొస్తుందే! చంకల కింద కట్టు!"

"తమంతటివారికి కింద కట్టడమా? అప్రదిష్ట కదా దొరా!" అంటూ నూకాలు ఎడ్లను అదిలించబోయింది.

"ఆగు తల్లీ! నాకు చంకల కిందే కట్టు, రథానికి ఇరుసుకే కట్టు!"