చేతులెత్తమన్న పూట

నిరంజనస్వామికి ఒక అలవాటుంది. ఎవరు ఏం అడిగినా వెంటనే జవాబు చెప్పరు. అడిగినవాణ్ణి తీసుకుపోయి నలుగురిలో కూర్చోబెడతారు. నాగావళి ఒడ్డున ఉన్న ఆయన ఆశ్రమానికి వచ్చేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. తెలిసీ గౌరునాయుడు ఆ ఆదివారం పాపని చంకనేసుకుని వచ్చి అడిగేశాడు.

"నాలాగ ఇంట్లో ఉండి బిడ్డని పెంచే మగాడు ఇంకెక్కడైనా ఉన్నాడా స్వామీ? ఒక్కడు తోడున్నాడంటే చాలు, ఉండిపోతాను. లేకపోతే రేపు విశాఖ బండెక్కేస్తాను."

జూట్ మిల్లు మూతపడ్డాక అతని భార్య ఆదిలక్ష్మికి బస్సు కండక్టరు ఉద్యోగం వచ్చింది. ఆమె తెల్లవారుజామునే డ్యూటీకి పోతే పాప పనులన్నీ అతనివే. చేతకాక ఈడుస్తున్నాడా అంటే అదీ లేదు. కాళ్ళు చాపి, పాపని వాటిమీద పడుకోబెట్టి నీళ్ళు పోస్తే అది కేరింతలు కొడుతుంది. అయితే ఆ నీళ్ళు తలుపు గడియ వేసుకుని పోస్తాడు. పాప గుడ్డలు వీధివైపు తీగమీద కాకుండా వంటింట్లో ఆరేస్తాడు. దొంగసారా కాసేవాడు కూడా అంత జాగ్రత్తపడడు. ఎవరైనా పలకరిస్తే, "మిల్లు తెరుస్తారేమోనని చూస్తన్నాను" అంటాడు. ఇది చూడలేక బావ విశాఖలో వాచ్‌మన్ పని ఒకటి కుదిర్చాడు. వెళ్ళాడంటే పాప పొరుగూళ్ళో అక్క దగ్గర పెరగాలి.

స్వామి అంతా విన్నారు. "పాపని వంటశాలలో ఆడవాళ్ళకి అప్పగించి, వచ్చి సభలో కూర్చో" అన్నారు.

సభ నిండా మగవాళ్ళు. ప్రసంగం మొదలుపెట్టబోతూ ఆయన అడిగారు: "మీలో ఇంటిపట్టున ఉండి పిల్లల్ని పెంచుతున్నవాళ్ళు చేతులెత్తండి."

ముందు వరసలోంచి బంగార్రాజు అందుకున్నాడు. భూముల బేరాలు చేస్తానని ఊరంతా చెప్పుకుని తిరిగే మనిషి. ఇస్త్రీ చొక్కా, భుజాన కండువా. "అలాంటోడుంటే చూపించండి స్వామీ, చీరా రవికా పెట్టి సాగనంపుదాం!"

సభ గొల్లుమంది. గౌరునాయుడూ నవ్వాడు. పక్కవాళ్ళకి అనుమానం రాకూడదని అందరికన్నా గట్టిగా నవ్వాడు. చేతులు మాత్రం ఒళ్ళోంచి కదల్లేదు. ఒక్క చెయ్యీ లేవలేదనుకున్నాడు. ఇంక బట్టలు సర్దుకోవడమే.

అంతలో వంటశాలలోంచి ఏడుపు. తన పాపే. ఆకలి ఏడుపు కాదు, కడుపు పట్టేసిన ఏడుపు. ఆ తేడా అతనికి బాగా తెలుసు. ఒక ముసలమ్మ పాపని ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చి కేకేసింది. "ఓలమ్మా, ఈ గుంట ఎంతకీ ఊరుకోదు! ఎవురి పిల్లర్రా?"

లేవాలి. కానీ అంత గట్టిగా నవ్వినవాడు ఇప్పుడే ఎలా లేస్తాడు? పాప గొంతు బొంగురుపోతోంది. గౌరునాయుడు నేలచూపులు చూస్తూ కూర్చుండిపోయాడు.

లేచినవాడు బంగార్రాజు. "ఇలా తే అవ్వా" అని కండువా భుజంమీద సరిగ్గా పరిచి, పాపని దానిమీద వేసుకున్నాడు. వీపు కిందనుంచి పైకి నిమురుతూ, ఈ కాలిమీంచి ఆ కాలిమీదకి ఊగుతూ వసారాలోకి నడిచాడు. పాప పెద్దగా తేన్చింది. కాసిని పాలు కక్కి, అలాగే నిద్రలోకి జారిపోయింది.

అప్పుడు లేచాడు గౌరునాయుడు. వసారాలోకి వెళ్ళి, "నా కూతురు" అన్నాడు.

బంగార్రాజు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నాకు కవలలన్నా. మా ఆవిడ కానిస్టేబులు. నాకు భూముల్లేవు, బేరాల్లేవు. ఎవరితోనూ అనకేం."

"మా ఆవిడ కండక్టరు."

బంగార్రాజు అతన్ని ఎగాదిగా చూశాడు. "గుడ్డలెక్కడ ఆరేస్తావు?"

"వంటింట్లో. నువ్వో?"

"పెరట్లోనే. దుప్పటి చాటున."

పాప లేస్తుందని ఇద్దరూ చప్పుడు కాకుండా నవ్వుకున్నారు.

సభ ముగిశాక గౌరునాయుడు పాపని భుజాన వేసుకునే స్వామి ముందుకు వచ్చాడు. మొహం తేటపడింది. "తోడు దొరికాడు స్వామీ. బావకి రానని ఫోన్ చేసేశాను."

"మంచిపని చేశావు" అన్నారు స్వామి. ఆయన చూపు ఖాళీ అయిన చివరి వరస మీద ఉంది. "అక్కడ, స్తంభం పక్కన కూర్చున్నతను చెయ్యి సగం దాకా ఎత్తాడు నాయుడూ. నీ నవ్వు విని దించేసుకున్నాడు."