సగం తిరగలి

ఒక ఊళ్ళో ఒక తిరగలి ఉండేది. దానికి రెండు రాళ్ళు. కిందిది కదలదు, పైది తిరుగుతుంది. మధ్యలో గింజ నలిగి పిండవుతుంది.

తండ్రి పోయాక అన్నదమ్ములు వేరుపడ్డారు. పొలం సగం, గొడ్లు సగం, గిన్నెలు సగం. చివరికి తిరగలి మిగిలింది. నాక్కావాలంటే నాక్కావాలన్నారు. పెద్దమనుషులకి విసుగొచ్చి, పైరాయి అన్నకి, కిందిరాయి తమ్ముడికి ఇచ్చేసి లేచిపోయారు.

ఆ రోజు నించి ఇద్దరికీ మాటల్లేవు. అన్న ఇంట్లో పైరాయిని ఊరగాయ జాడీ మూత మీద బరువుకి పెట్టారు. తమ్ముడు కిందిరాయిని నీళ్ళతొట్టి పక్కన పడేశాడు. దాని మీద నిలబడి ఇంటిల్లిపాదీ కాళ్ళు కడుక్కునేవాళ్ళు. పన్నెండేళ్ళు అట్లాగే గడిచాయి.

అన్నకి షుగర్ వచ్చింది. డాక్టరు మందులు రాసి, "మీ తాతలు తిన్న తిండి తినండి" అన్నాడు. అన్న ఆ మాట గట్టిగా పట్టుకున్నాడు. ఈ ఉగాదికి బూరెలొద్దు, గారెలొద్దు, తాత తిన్నదే వండాలని పెళ్ళానికి చెప్పాడు. జొన్నరొట్టె, గోంగూర, కొర్రన్నం, నువ్వుల పొడి.

"బెల్లం?" అందావిడ.

"అమావాస్య చంద్రుడంత."

ఆవిడ నవ్వుకుని, జొన్నలు మర పట్టించుకొచ్చింది. అన్న ఆ పిండి ముట్టుకుని చూశాడు. వేడిగా ఉంది.

"మా తాత మర మొహం చూళ్ళేదు. తిరగలిలో విసిరిందే కావాలి. అదీ ఏ పూటకాపూట. నిలవ పిండి ఆయన తినేవాడు కాదు."

"మీ తాత చెప్పులు కూడా తొడగలేదు. అవీ అవతల పడెయ్యి."

అన్న పట్టు వదల్లేదు. జాడీ మీద రాయి దించి, కడిగి, బట్టలుతికే బండ మీద పెట్టి తిప్పాడు. జొన్నలు పోసినవి పోసినట్టే ఎగిరి పక్కకొచ్చాయి. కోళ్ళు పరిగెత్తుకొచ్చాయి.

"కోళ్ళకొచ్చింది ఉగాది" అంది పెళ్ళాం. తర్వాత కాస్త మెల్లగా, "మిగతా సగం ఎక్కడుందో నీకు తెలుసు" అంది.

"వాడే తేవాలి. చిన్నోడు వాడు."

అప్పుడు రాయి మాట్లాడింది. "కిందిరాయి ఎప్పుడన్నా కదిలిందా? తిరిగేదాన్ని నేను. నన్ను మొయ్యి."

అన్న చుట్టూ చూశాడు. ఆ మాట పెళ్ళానికి వినపడిందో లేదో తెలీదు. ఆవిడ అప్పటికే జొన్నలు సంచిలోకి పోస్తోంది.

అన్న రాయి భుజాన పెట్టుకుని నడిచాడు. సంచి పట్టుకుని పెళ్ళాం వెనకే నడిచింది. రెండు వీధులే. నాలుగుసార్లు దించుకున్నాడు.

తమ్ముడు పొలం నించి వచ్చి, ఆ కిందిరాయి మీదే నిలబడి కాళ్ళు కడుక్కుంటున్నాడు. గుమ్మంలో అన్నని చూశాడు. భుజం మీద రాయిని చూశాడు. గబుక్కున కిందికి దిగాడు.

"నా రాయి తెచ్చాను" అన్నాడు అన్న.

"నా రాయి ఇదిగో" అన్నాడు తమ్ముడు. "మురికైంది. ఉండు."

కొబ్బరి పీచు తీసుకుని తోమాడు. చాలాసేపు తోమాడు. మధ్యలో ఉండాల్సిన మేకు ఎప్పుడో ఊడిపోయింది. తుమ్మ కొమ్మ చెక్కి కొత్తది దిగ్గొట్టాడు. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని పైరాయిని దాని మీద కూర్చోబెట్టారు.

"నీ మొహం అరిగిపోయిందే" అంది పైరాయి.

"అందరి కాళ్ళూ మోశాను. నువ్వేమో ఊరగాయ వాసనేస్తున్నావు" అంది కిందిరాయి.

తోటికోడళ్ళిద్దరూ ఎదురెదురుగా కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. ఒకే పిడి మీద ఇద్దరి చేతులు. మొదట ఇద్దరూ ఒకేసారి లాగారు, రాయి కదల్లేదు. "నువ్వు లాగినప్పుడు నేను వదుల్తా అక్కా" అంది చిన్నావిడ. అప్పుడు తిరిగింది. మాటలూ మొదలయ్యాయి. చుట్టూ పిండి రాలింది, చల్లగా.

అన్న చిటికెడు నోట్లో వేసుకుని అక్కడే గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పండగకి సరిపడా అయ్యాక, "ఇంకో రెండు సేర్లు విసిరెయ్యండమ్మా. నెలకొస్తుంది. మాటిమాటికీ మొయ్యలేను" అన్నాడు.

చిన్నావిడ చెయ్యి ఆపింది. తల దించుకుని పిండి చేటలోకి ఎత్తుతూ, "నిలవ పిండి తాతగారు తినేవారు కాదంట కదా బావగారూ. అక్క చెప్పింది" అంది.

అన్న పెళ్ళాం వైపు చూశాడు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటోంది. తమ్ముడు తొట్టి వైపు చూస్తున్నాడు.

"తినేవాడు కాదు" అన్నాడు అన్న.

పిండి మూట ఒక్కటే పట్టుకుని ఇంటికొచ్చారు. సాయంత్రం గాలికి ఊరగాయ జాడీ మూత టకటకలాడింది. పెద్దావిడ పెరట్లోకెళ్ళి, ఒక ఇటుకరాయి ఏరుకొచ్చి దాని మీద పెట్టింది.